మిక్స్‌డ్ మీడియా ఆన్ పేపర్: మీ పిల్లల బొమ్మ పక్కన ఒక లేబుల్



ఆరో తరగతి ఇంగ్లీష్ పీరియడ్‌లో ఈ నెల 'బొమ్మను చూసి వర్ణించడం' పాఠం ఉంది. దాన్ని బొమ్మతో కాకుండా లేబుల్‌తో మొదలుపెట్టాం. ఆర్ట్ గ్యాలరీలో ప్రతి బొమ్మ పక్కన ఒక చిన్న కార్డు ఉంటుంది. దాని మీద చిత్రకారుడి పేరు, సంవత్సరం, 'మిక్స్‌డ్ మీడియా ఆన్ పేపర్' అనే మాట, కొలతలు ఉంటాయి. మీడియా అనగానే పిల్లలు టీవీ చానెళ్లు, న్యూస్ పేపర్లు అన్నారు. అదీ నిజమే. కానీ ఇక్కడ మీడియం అంటే బొమ్మ వేయడానికి వాడిన పదార్థం, మీడియా దాని బహువచనం. పెన్సిల్, ఇంకు, వాటర్ కలర్, పాస్టెల్, అతికించిన కాగితం ముక్క, వీటిలో ఒకటికి మించి కలిస్తే అది మిక్స్‌డ్ మీడియా.

మన ప్రాంతపు చిత్రకారుల్లో కె. లక్ష్మా గౌడ్ గారి గురించి పిల్లలకు చెప్పాను. ఆయన 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో చదువుకున్నారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు. పల్లె మనుషులు, మేకలు, చెట్లు ఆయన బొమ్మల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఎచింగ్, ఇంకు, వాటర్ కలర్, పాస్టెల్ అన్నింటిలోనూ ఆయన పని చేశారు.

ఎందుకు కలపాలి? ఇంకుతో సన్నని గీత వస్తుంది. వాటర్ కలర్ పల్చగా ఉండి కింది కాగితం తెలుపును చూపిస్తుంది. పాస్టెల్ కాగితం గరుకు మీద పొడిలా నిలుస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు విషయం. క్లాసులో కొవ్వొత్తి ముక్కతో గీసి, పైన వాటర్ కలర్ వేశాం. మైనం నీటిని పట్టుకోదు కాబట్టి గీత తెల్లగా బయటపడింది. రంగు ముందు వేసి ఆరాక మైనం గీస్తే ఏమీ కనిపించదు. సైన్స్ టీచర్ గారు ఈ ప్రయోగం తమదేనంటున్నారు, మేం ఒప్పుకోలేదు.

అతికించడం కూడా చిన్నపిల్లల పనేం కాదు. 1912లో ఫ్రాన్స్‌లో జార్జ్ బ్రాక్ అనే చిత్రకారుడు చెక్కలా కనిపించే వాల్ పేపర్‌ను షాపులో కొని, ముక్కలు కత్తిరించి కాగితం మీద అతికించి, బొగ్గుతో పండ్ల పళ్లెం, గ్లాసు గీశారు. చెక్కను రంగులతో వేయకుండా, షాపులో దొరికిన నకిలీ చెక్కనే బొమ్మలోకి తెచ్చారు.

ఇక 'ఒరిజినల్' అన్న మాట. ఎచింగ్ ప్లేటు నుంచి 25 ప్రింట్లు తీస్తే, ఏడో దాని కింద 7/25 అని పెన్సిల్‌తో రాస్తారు. ఆ 25 ఒరిజినల్ ప్రింట్లే. ఒక బొమ్మను ఫొటో తీసి ప్రెస్‌లో వేసిన పోస్టర్ మాత్రం ఒరిజినల్ కాదు.

ఇక్కడ మీతో కొంచెం సూటిగా మాట్లాడాలి. పోయిన టర్మ్ 'మా ఊరు' ప్రాజెక్టులో చాలా షీట్ల మీద స్టేషనరీ షాపు స్టిక్కర్లు, కలర్ ప్రింటవుట్లే ఉన్నాయి. కొన్నింటిలో కటింగ్ ఎంత నీటుగా ఉందంటే, అది అమ్మగారిదో నాన్నగారిదో తెలిసిపోతోంది. ఒక బాబు మాత్రం నానమ్మ మాత్రల స్ట్రిప్ రేకును చెరువుగా అతికించాడు, చుట్టూ క్రేయాన్‌తో గట్టు గీశాడు. అంచులు వంకర. ఆ షీటును కట్టలో అడుగున పెట్టి ఇచ్చాడు. దాని గురించి ఇంగ్లీష్‌లో చెప్పమంటే ఆగకుండా ఎనిమిది వాక్యాలు చెప్పాడు. ప్రింటవుట్ తెచ్చినవాళ్లు 'దిస్ ఈజ్ మై విలేజ్' దగ్గరే ఆగిపోయారు. అందుకే ఈసారి నా సబ్జెక్టులో నీటుగా ఉన్నందుకు మార్కులు లేవు. బిడ్డ రాసిన లేబుల్‌కు, చెప్పిన మాటలకే మార్కులు.

పల్చని చార్ట్ తడికి ముడుచుకుంటుంది, మందపాటి డ్రాయింగ్ షీట్ ఇవ్వండి. ఇంట్లో దొరికే మూడు పదార్థాలు చాలు: పెళ్లి పత్రిక ముక్క, పసుపు నీళ్లు, పెన్సిల్ లాంటివి. కొత్తవి కొనొద్దు. సెల్లోటేప్ కొన్నాళ్లకు పచ్చబడి మరక వదులుతుంది, జిగురు వాడమనండి. లామినేషన్ వేడికి క్రేయాన్ కరుగుతుంది, చేయించొద్దు. దాచాలంటే రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. పేరు, తేదీ వెనక వైపు పెన్సిల్‌తో, బిడ్డ చేతే రాయించండి.