అల్లాహ్‌కు మా మీద కోపమా?

గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్ళినా ఆసుపత్రి బోర్డులు, మందుల షాపులు కనిపిస్తాయి. పల్నాటి పల్లెల నుంచి, ప్రకాశం మెట్ట ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు టిఫిన్ క్యారియర్లు, స్కానింగ్ కవర్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంటాయి. 2021 వేసవిలో, కరోనా రెండో విడత రోజుల్లో ఆ మెట్లు ఎన్ని దుఆలు విన్నాయో అల్లాహ్‌కే తెలుసు. అదే ఏడాది చివర్లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడింది. పూతలో చేరి రసం పీల్చే ఆ పురుగు ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. ఎకరానికి లక్ష రూపాయలకు పైగా పెట్టిన రైతులు ఆశ వదులుకుని తోటలు దున్నేశారు. కౌలు రైతుకైతే పంట పోయినా కౌలు బాకీ పోదు.

ఒకే ఏడాదిలో మనిషినీ, పంటనూ పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి. అలాంటి ఇళ్ళకు పరామర్శకు వెళితే మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "అల్లాహ్‌కు మా మీద ఎందుకింత కోపం?" నమాజు తప్పనివారు, ఉపవాసాలు విడువనివారే ఈ మాట అడుగుతారు. పక్కన కూర్చున్నవారిలో ఎవరో ఒకరు "ఏదో పాపం చేసి ఉంటారులే" అని గొణుగుతారు. అడిగినవారి మాట కన్నా ఈ గొణుగుడే మమ్మల్ని ఎక్కువ బాధిస్తుంది.

దైవప్రవక్త (స) కుమారుడు హజ్రత్ ఇబ్రాహీం (ర) పాలు మరవని వయసులోనే మరణించారు. ప్రాణం పోతున్న బిడ్డను ఒడిలోకి తీసుకున్నప్పుడు ఆయన (స) కళ్ళు చెమర్చాయి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) ఆశ్చర్యపోయారు, మీరు కూడానా అని అడిగారు. ఇది కారుణ్యమని, కన్ను తడుస్తుందని, మనసు కుములుతుందని, అయినా ప్రభువుకు నచ్చని మాట నోట రానివ్వబోమని ఆయన (స) బదులిచ్చారు. మరి కన్నీరు పెట్టుకోవడం సహనం లేకపోవడం అవుతుందా? హజ్రత్ యాఖూబ్ (అ) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయారు. అయినా తన గోడు అల్లాహ్‌కే చెప్పుకున్నారు, ఆయన కారుణ్యంపై ఆశ వదులుకోలేదు.

ఇబ్రాహీం (ర) మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఖగోళ లెక్కల ప్రకారం అది క్రీ.శ. 632 జనవరి 27. బిడ్డ పోయినందుకే సూర్యుడు మసకబారాడని జనం అనుకున్నారు. ఆయన (స) గ్రహణ నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. ఆ క్షణంలో మౌనంగా ఉన్నా ఆ మాట ఆయన ఘనతగానే చెలామణీ అయ్యేది. తన బిడ్డ మరణానికి ఆకాశంలో అర్థం వెతకవద్దన్న ప్రవక్త అనుచరులం మనం. పొరుగువాడి మిరప చేలో అల్లాహ్ ఆగ్రహాన్ని చదవడానికి మనకేం హక్కుంది?

నిజమే, మన చేతులు చేసుకున్నదాని వల్ల కూడా ఆపదలు వస్తాయని, అల్లాహ్ ఎన్నింటినో క్షమిస్తూనే ఉంటాడని దివ్యఖుర్ఆన్ చెబుతోంది. అయితే ఎవరి లెక్క వారు చూసుకోవడానికే ఆ మాట. ఎదుటివాడి మీద విసరడానికి కాదు.

ఒకసారి బందీలలో ఒక తల్లి తప్పిపోయిన బిడ్డ కోసం అల్లాడుతూ వెతికింది, దొరకగానే గుండెకు హత్తుకుని పాలిచ్చింది. ఈమె తన బిడ్డను నిప్పులో వేస్తుందా అని దైవప్రవక్త (స) సహచరులను అడిగారు. వేయదు అన్నారు వారు. ఆ తల్లికి బిడ్డ మీద ఉన్నదానికన్నా అల్లాహ్‌కు తన దాసుల మీద ఎక్కువ కరుణ ఉందని ఆయన (స) తెలిపారు. బ్రాడీపేట ఆసుపత్రుల్లో బిడ్డకు సూది వేయించే తల్లిని చూడండి. బిడ్డ ఆమెను కొడుతుంది, ఆమె మెడనే పట్టుకుని ఏడుస్తుంది.

పంట చేతికి రానివారికి ఆ ఏడు ఉష్ర్ బాధ్యత ఉండదు. కానీ అప్పుల్లో మునిగినవారికి జకాత్‌లో వాటా ఉందని తౌబా సూరా పేర్కొంది. అప్పుల వేదనతో ఎవరైనా చావు మాట ఎత్తితే "సబ్ర్ చెయ్యి భాయ్" అని లేచిరావద్దు. ఆ రాత్రి వారి దగ్గరే ఉండండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే బయటికి చేర్చండి. తెల్లవారాక డాక్టరు దగ్గరికీ, అప్పు ఇచ్చినవారి దగ్గరికీ వెంట వెళ్ళండి.