క్యాలెండర్ నిండింది, పని మిగిలింది

సమస్య

విజయవాడలో జీఎస్టీ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు. అక్కడి అకౌంటెంటు ఫోన్‌లో గూగుల్ క్యాలెండర్, పనుల జాబితా యాప్ టుడూయిస్ట్ రెండూ ఉన్నాయి. క్లయింట్ల మీటింగుల నుంచి ‘బిల్లులు అడగాలి’ దాకా అన్నీ రెండింట్లోనూ ఎక్కుతున్నాయి. ఒకచోట తేదీ మారిస్తే రెండోచోట పాతదే ఉంటోంది. చేయని పనులు గడిచిపోయిన తేదీల కింద మరుగున పడుతున్నాయి. రిటర్నుకు గడువైన 20వ తేదీ అలారం మాత్రం సరిగ్గా 20నే మోగుతోంది. ఒక యాప్ తీసేయాలా, రెండూ కలిపేయాలా?

సలహా

రెండూ ఉండాల్సినవే. తీసేయాల్సింది రెండుసార్లు ఎక్కిన సంగతిని. క్యాలెండర్‌కు కావలసింది వేళ, పనుల జాబితాకు కావలసింది అయిందా లేదా అన్న లెక్క. క్యాలెండర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికి 1998లో వచ్చిన ఐక్యాలెండర్ ప్రమాణంలోనే కార్యక్రమం వేరు, పని వేరు. పనికి ‘పూర్తయింది’ అనే గుర్తు ఉంది. తేదీ లేకపోయినా చెల్లుతుంది. కార్యక్రమానికి ఆ గుర్తే లేదు. అందుకే ‘బిల్లులు అడగాలి’ అని క్యాలెండర్‌లో రాస్తే, అడిగినా అడగకపోయినా మర్నాడు ఒకేలా కనిపిస్తుంది.

ఈ ఆఫీసు అసలు ఇబ్బంది గడువునే పని చేసే రోజుగా పెట్టుకోవడం. నెలనెలా వేసే జీఎస్టీఆర్-3బీకి గడువు తర్వాతి నెల 20. కొనుగోళ్లపై వచ్చే క్రెడిట్‌ను చూపే జీఎస్టీఆర్-2బీ 14న తయారవుతుంది. సరిచూడడానికి, తేడా వస్తే క్లయింటుకు ఫోన్ చేయడానికి, పన్ను కట్టించడానికి ఉన్నది ఆ మధ్య రోజులే. పైగా 3బీ అంటే ఒక్క పని కాదు. బిల్లులు తెప్పించడం, 2బీతో సరిచూడడం, చలానా కట్టించడం, దాఖలు చేయడం: జాబితాలో ఇవి విడివిడిగా, నెలనెలా తిరిగి వచ్చేలా ఉండాలి. క్యాలెండర్‌లో మాత్రం 15న ఉదయం 10 నుంచి 12 వరకు ‘2బీ సరిచూడడం’ అని ఒక్క గడి చాలు. ఏ క్లయింటువి మిగిలాయో జాబితా చెబుతుంది. ఐదు నిమిషాల ఫోన్లకు గడి అనవసరం.

డేవిడ్ ఆలెన్ 2001 నాటి ‘గెటింగ్ థింగ్స్ డన్’ పుస్తకంలో, ఆ రోజుకే చెందినవి తప్ప మరేవీ క్యాలెండర్‌లో రాయవద్దన్నాడు. అక్షరాలా పాటిస్తే పైన చెప్పిన గడికీ చోటుండదు. ఫోన్లు ఆగని ఆఫీసులో ఆ నియమాన్ని కాస్త సడలించడమే మేలు.

ఇక కలపడం. లింకుతో జాబితాను క్యాలెండర్‌లోకి తెస్తే అది చూడడానికే; అక్కడ మార్చడం, టిక్ పెట్టడం కుదరదు. గూగుల్ క్యాలెండర్‌లో మార్పు కనబడడానికి గంటలు పట్టవచ్చు. రెండువైపులా కలిపే ఏర్పాటులో చిక్కు వేరు: తీరిక లేక గడిని 15 నుంచి 17కు జరిపితే జాబితాలో తేదీ కూడా జరుగుతుంది. ఆ తేదీయే గడువైతే గడువు కనుమరుగవుతుంది. గడువుకు యాప్‌లో వేరే చోటు ఉంటే అక్కడ, లేకపోతే పని పేరులోనే ‘20 లోగా’ అని రాయాలి.

శనివారం సాయంత్రం మిగిలిన పనులను చూసి, వచ్చే వారం గడులు అప్పుడు వేసుకోవాలి. వరుసగా వాయిదా పడుతున్న పని ఉంటే చాలాసార్లు కారణం తీరిక లేకపోవడం కాదు, క్లయింటు నుంచి కాగితాలు రాకపోవడం. దాన్ని ‘ఎదురుచూస్తున్నవి’ అనే వేరే జాబితాలోకి మార్చాలి.