నడుం పట్టిందా? మెల్లగా కదలండి



ఎండాకాలం మనం భద్రాచలం అడవుల్లో తునికాకు కోస్తాం. 50 ఆకులకు ఒక కట్ట. దినమంతా వంగుడే. ఖమ్మం మిరప చేలల్లోనూ అంతే. నడుం పట్టేస్తే పని ఆగుతుంది. కూలి పోతుంది.

అలాగని రోజుల తరబడి పడుకోవద్దు. పడుకుంటే కండరాల బలం తగ్గుతుంది. నడుం ఇంకా బిగుస్తుంది. మెల్లగా కదిలితేనే మేలు.

ఇలా చేయండి

1. చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడవండి. పాదాలు నేలకు ఆనాలి.

2. ఒక మోకాలిని చేతులతో పొట్ట వైపు లాగండి. 5 లెక్కపెట్టి వదలండి. తర్వాత రెండో కాలు. ఒక్కో కాలికి 5 సార్లు చాలు.

3. పొట్ట బిగించి నడుమును నేలకు అదమండి. 5 లెక్కపెట్టి వదలండి.

4. పక్కకు తిరిగి, చెయ్యి ఊని లేవండి. కాసేపు నడవండి.

ఊపిరి బిగపట్టొద్దు. నొప్పి పెరిగితే ఆపండి. కడుపుతో ఉన్నవాళ్లు ముందుగా నర్సమ్మను అడగాలి.

మోపు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచండి. మోపును ఒంటికి దగ్గరగా పట్టండి.

కాలు మొద్దుబారిందా? జ్వరం ఉందా? మూత్రం ఆగిపోయిందా? తెలియకుండా పోతోందా? సిగ్గుపడి దాచొద్దు. వెంటనే దవాఖానకు పోవాలి.

చెప్పండి

1. నడుం పట్టినప్పుడు రోజుల తరబడి ఎందుకు పడుకోవద్దు?

2. మోపు ఎలా ఎత్తాలి?