గోదావరిది ఏ రంగు?

నది బొమ్మ వెయ్యమంటే మనలో చాలామందిమి చేసే పని ఒక్కటే. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద నీలం నది, ఓ తెరచాప పడవ. క్యాలెండర్ల పుణ్యమా అని కళ్లలో నిలిచిపోయిన బొమ్మ అది. మరి మన గోదావరి అంత నీలంగా ఎప్పుడైనా కనిపించిందా? తైలవర్ణ చిత్రలేఖనంలో మొదటి పాఠం ఈ ప్రశ్నేనని నా అభిప్రాయం.

భద్రాచలం కరకట్ట మీద నిలబడి చూడండి. ఆగస్టులో నది ఎర్రమట్టి కలుపుకుని గోధుమ రంగున పరుగెడుతుంది. సంక్రాంతి నాటికి తేటపడి లేత ఆకుపచ్చకు దిగుతుంది. ఎండాకాలంలో నీరు పాయలుగా చీలిపోయి, సగం బొమ్మను ఇసుక తిన్నెలే ఆక్రమిస్తాయి. కాబట్టి చిత్రకారుడు ముందు నెల నిర్ణయించుకోవాలి, ఆ తర్వాతే రంగు పిండాలి. వరదనీటికి నేను బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, కొంచెం తెలుపు వాడతాను. నీలం ఆకాశపు మెరుపు పడినచోట మాత్రమే.

రంగు పిండటమంటే గుర్తొచ్చింది. తగరపు ట్యూబును 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు పేటెంటు చేశాడు. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచేవారు. ట్యూబు వచ్చాక తైలవర్ణాలతో ఏటిగట్టుకు వెళ్లడం తేలికైంది.

ఇక పని పద్ధతి. అవిసె నూనెలో నూరిన రంగు నీటిరంగులా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజనును పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకు రోజులు పడుతుంది. అందుచేత అడుగు పూతలు టర్పెంటైనుతో పలుచగా, పై పూతలు నూనె ఎక్కువగా ఉండాలి. తారుమారైతే పైపూత ముందే ఆరి, కింది పూత కదిలి, బొమ్మ పగుళ్లిస్తుంది. తొందర పనికిరాదు సుమా!

రెండోది దూరం. పాపికొండల వరసలు చూడండి. దగ్గరి కొండ మీద టేకు, మద్ది చెట్లు విడివిడిగా ముదురు ఆకుపచ్చగా తెలుస్తాయి. దాని వెనకది బూడిద రంగు. ఆ వెనకది ఆకాశంలో కలిసిపోయే లేత నీలం. నడుమనున్న గాలి వెలుగును చెదరగొట్టడమే దీనికి కారణం. అన్ని కొండలకూ ఒకే ఆకుపచ్చ పూస్తే అవి గోడలవుతాయి గాని కొండలు కావు.

మూడోది ప్రతిబింబం. నీటిలో తెల్లని వస్తువు కాస్త మసకబారుతుంది, నల్లని వస్తువు కాస్త తేలికవుతుంది. బురదనీటిలో ప్రతిబింబం తగ్గి నీటి సొంత రంగే పైకి వస్తుంది. ఈ ఒక్క సూత్రం తెలిస్తే పడవ నీటి మీద తేలుతుంది.

ఇదంతా పరాయి విద్య అనుకోనక్కర లేదు. రాజమహేంద్రవరంలో 1897లో పుట్టిన దామెర్ల రామారావు గోదావరి ఒడ్డునే పెరిగి, కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలులో చదివి, తిరిగి ఈ తీరానికే వచ్చాడు. ముప్ఫయి నిండకుండానే 1925లో కన్నుమూశాడు. ఆయన పేరిట చిత్రశాల ఆ ఊళ్లోనే ఉంది. వీలైనప్పుడు వెళ్లి చూడండి.

చివరగా ఒక మాట. ఫోటోలుండగా ఈ శ్రమ ఎందుకంటారా? 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆ వరద ఎంత ఎత్తో అంకె చెబుతుంది; అది ఏ రంగులో వచ్చిందో అంకె చెప్పదు. పైగా పోలవరం జలాశయం పూర్తిమట్టం 150 అడుగులకు నిండితే కూనవరం, వరరామచంద్రపురం వైపు ఎన్నో కోయ గూడేలు, రేవులు, పొలాలు నీట మునుగుతాయి. కొండలు మిగులుతాయి గాని వాటి పాదాలు మారిపోతాయి. ఆ ఒడ్డును దాని నిజమైన రంగులో నిలబెట్టే పని ఎవరిది? దగ్గరగా ఉన్న మనది కాదా?

మిత్రులారా, ఈ సెలవుల్లో ఒక చిన్న అట్ట, అయిదు రంగులు పట్టుకుని రేవుకు వెళ్లండి. మొదటి గంట కుంచె ముట్టకండి. ఊరికే చూడండి.