కళ్లు మూసుకుని పుచ్చుకునే దానం

2023 ఫిబ్రవరి 6న తెల్లవారుజామున టర్కీ దక్షిణ ప్రాంతాన్నీ, ఉత్తర సిరియానూ 7.8 తీవ్రతతో భూకంపం కుదిపివేసింది. ఆ మధ్యాహ్నమే 7.5 తీవ్రతతో మరొకటి వచ్చింది. ఒక్క టర్కీలోనే 50 వేల మందికి పైగా మరణించారు. బతికి బయటపడినవారు గడ్డకట్టే చలిలో ఆరుబయట రాత్రులు గడిపారు.

ఇలాంటి వార్త వినగానే మన టోలిచౌకి ఇళ్లలో ముందుగా తెరుచుకునేది బీరువా. పిల్లలకు పొట్టి అయిపోయిన స్వెట్టర్లు, రంగు వెలిసిన దుప్పట్లు, జిప్పు ఊడిన కోట్లు మూటకట్టి మస్జిద్‌కు పంపుతాం. ఉద్దేశం మంచిదే. కాని ఆ మూట ముడి వేసేముందు ఒక ఆయత్ గుర్తుచేసుకోవాలి.

బఖరా సూరా 267వ ఆయత్ అవతరించిన సందర్భాన్ని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) వివరించారు. ఖర్జూరాల కోత కాలంలో అన్సార్లు తమ తోటల నుంచి గెలలు తెచ్చి మస్జిదె నబవీలో వేలాడదీసేవారు. ఇల్లూ వాకిలీ లేని సుఫ్ఫా వాసులు ఆకలైనప్పుడు కర్రతో కొట్టి, రాలిన పండ్లు తినేవారు. కొందరు మాత్రం ఎండినవీ, విరిగినవీ తెచ్చి తగిలించేవారు. మీకే ఎవరైనా అలాంటిది ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప పుచ్చుకోరు కదా అని అల్లాహ్ వారిని మందలించాడు.

2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దేశం నలుమూలల నుంచి వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. సర్వం కోల్పోయిన జాలర్లు సైతం వాటిని ముట్టలేదు. పుచ్చుకునే చేతికీ ఆత్మగౌరవం ఉంటుందన్నది టోలిచౌకి వారికి వేరే చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరు వరదలో నదీమ్ కాలనీ మునిగి, జనాన్ని పడవల్లో బయటికి తేవలసి వచ్చింది. మేడమీద చిక్కుకున్న కుటుంబానికి ఆ రోజు కావలసింది మంచినీళ్లూ, వండిన అన్నమూ.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ముజర్ తెగవారు చిరిగిన ఉన్ని గుడ్డలతో మదీనా వచ్చారు. వారి స్థితి చూసి దైవప్రవక్త (స) ముఖం పాలిపోయింది. నమాజు చేయించి, ప్రసంగించి, ప్రతి ఒక్కరూ తమ దీనారులోంచి, తమ వస్త్రంలోంచి, తమ గోధుమల్లోంచి, చివరికి ఖర్జూరపు ముక్కైనా ఇవ్వాలని ప్రోత్సహించారు. ఒక అన్సారీ చేతికి మోయలేనంత బరువైన సంచి తెచ్చారు. ఆహారం, బట్టలు రెండు కుప్పలయ్యాయి. అప్పుడు ప్రవక్త (స) ముఖం మెరిసింది. తాను తొడుక్కునే వస్త్రంలోంచి అన్నమాట గమనించండి. విసిరేయబోయే దానిలోంచి కాదు.

ఇక జకాత్ సంగతి. ఆ భూకంపం రజబ్ నెలలో వచ్చింది. రమజాన్‌కు ఇంకా నెలన్నర ఉంది. మనలో చాలామంది జకాత్‌ను రమజాన్ దాకా దాచుకుంటారు. శిథిలాల కింద ఉన్నవారు అంతకాలం ఆగగలరా? హజ్రత్ అబ్బాస్ (రజి) తన జకాత్‌ను గడువుకు ముందే చెల్లించడానికి అనుమతి కోరగా దైవప్రవక్త (స) అనుమతించారు. నిసాబ్ ఉన్నవారు ముందుగా ఇవ్వవచ్చని హనఫీ ధర్మవేత్తలు చెబుతారు. జకాత్‌ను సొంత ఊరి పేదలకే ఇవ్వడం మేలైనా, వేరేచోట అవసరం ఎక్కువైతే అక్కడికి పంపవచ్చు.

1993 సెప్టెంబరు 30న మన పొరుగునే లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతం నేలమట్టమైనప్పుడు బాధితుల్లో అత్యధికులు హిందూ సోదరులు. వారికి ఇవ్వవచ్చా? సదఖా నిస్సందేహంగా ఇవ్వవచ్చు. బహుదైవారాధకులైన బంధువులకు సహాయం చేయడానికి కొందరు సంకోచించినప్పుడే బఖరా సూరా 272వ ఆయత్ అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. జకాత్ మాత్రం ముస్లిం పేదలకే అన్నది ధర్మవేత్తల ప్రసిద్ధ అభిప్రాయం.

హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము పేదవాని సొంతం కావాలి. లారీ కిరాయి, గోదాము అద్దె అందులోంచి తీయకూడదు. వాటికి సదఖా సొమ్ము వాడుకోవాలి. కనుక చందా ఇచ్చేటప్పుడు ఇది జకాత్, ఇది సదఖా అని విడివిడిగా చెప్పి, రసీదు మీద రాయించుకోండి.