ప్రవాసి – పొరుగు

ఉద్దేశం: చదువు కోసం, ఉద్యోగం కోసం నేడు ఎందరో తెలుగువారు విదేశాలకు తరలివెళుతున్నారు. కొత్త దేశంలో వారి నిత్యజీవనం ఎలా కుదుటపడుతుందో, సెలవునాటి చిన్న ప్రయాణాలు అందుకు ఎలా తోడ్పడతాయో జపాన్ దేశాన్ని ఉదాహరణగా తీసుకొని తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య క్షేత్రాల విశేషాలతో పాటు దారి ఎలా ఉందో, ఏ మజిలీలో ఏ వస్తువులు దొరికాయో కూడా శ్రద్ధగా రాసుకొన్నాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ను నేటికీ విలువైన గ్రంథంగా నిలిపినవి ఆ వివరాలే. యాత్రికుడు ఊళ్ళను దాటిపోతాడు. ప్రవాసి అక్కడే కాపురం పెడతాడు. కనుక నీరు, అంగడి, దారి, పొరుగు అనేవి ప్రవాసికి ఇంకా ముఖ్యమైనవి.

టోక్యో నగరంలోని ఎదొగావా వార్డులో నిషి-కసాయ్ అనే పేట ఉంది. 2000 సంవత్సరం సమీపించినప్పుడు కంప్యూటర్లలో తలెత్తిన తేదీల చిక్కును సరిచేయడానికి భారతీయ ఇంజనీర్లు జపాన్‌కు వెళ్ళారు. నగరం నడిబొడ్డున ఉన్న కార్యాలయాలకు తోజాయ్ రైలుమార్గంలో నేరుగా చేరుకోగల వీలుండడంతో వారిలో పలువురు ఈ పేటలో ఇళ్ళు తీసుకొన్నారు. నేడు అక్కడి భారతీయులలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

కొత్తగా దిగిన కుటుంబానికి మొదటి నెల నియమాలు తెలుసుకోవడంతోనే గడిచిపోతుంది. ఇల్లు కుదిరిన 14 రోజులలోపు వార్డు కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అద్దె, అడ్వాన్సు కాక పలువురు యజమానులు ‘రెయికిన్’ అనే సొమ్ము తీసుకొంటారు. అది కృతజ్ఞతగా ఇచ్చే కానుక కనుక తిరిగి రాదు. కొత్తగా ఇంట్లో చేరినవారు ఇరుగుపొరుగు తలుపు తట్టి, చిన్న తువ్వాలో మిఠాయి పొట్లమో చేతికిచ్చి పలకరించడం అక్కడి పాత మర్యాద.

చెత్త విషయంలో నియమాలు మరింత కచ్చితం. కాలేది, కాలనిది, మళ్ళీ పనికివచ్చేది అని వేరుచేసి, దేనికి నిర్ణయించిన రోజున దానిని ఉదయమే వీధిలోని నిర్ణీత స్థలంలో ఉంచాలి. కాకులు చెదరగొట్టకుండా పైన వల కప్పాలి. చాలాచోట్ల ఆ స్థలాన్ని శుభ్రపరిచేది వీధివారే. తప్పుగా కట్టిన సంచిని బండివారు తీసుకుపోరు. అది అక్కడే ఉండిపోయి పొరుగువారికి పని పెంచుతుంది. ఈ సంగతి గ్రహించిన ప్రవాసికి నియమం వెనుక మనుషులు కనిపిస్తారు.

భాష తెలియకపోవడం పెద్ద కష్టం. ఉద్యోగస్థులకు కార్యాలయంలో మాట్లాడేందుకు నలుగురుంటారు. ఇంటిపట్టున ఉండే ఇల్లాలికీ, వెంట వచ్చిన వృద్ధులకూ పగలంతా పలకరించే దిక్కుండదు. అయితే తెలుగువారికి జపాన్ భాషలో కొంత వెసులుబాటు ఉంది. వాక్యంలో కర్త, కర్మ, క్రియ అన్న వరుస రెండు భాషలకూ సమానమే. మన విభక్తి ప్రత్యయాల మాదిరిగా అక్కడా నామం తరువాత చిన్న మాటలు చేరుతాయి. లిపి మాత్రం కష్టసాధ్యం. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ‘పోతాను’ అనడం మన ఇళ్ళలో అశుభం, ‘వెళ్ళొస్తాను’ అంటాము. జపాన్‌వారు ‘ఇత్తెకిమాసు’ అంటారు. దాని అర్థమూ ‘వెళ్ళి వస్తాను’ అనే! ఇలాంటి మాటలు నాలుగు పట్టుబడితే పరాయి భాషపై బెరుకు తగ్గుతుంది.

శాకాహారులు మరొక జాగ్రత్త పాటించాలి. కూరగాయలు మాత్రమే కనిపించే పులుసులోనూ ఎండుచేపతో కాచిన ‘దాషి’ అనే రసం కలిసి ఉండవచ్చు. పొట్లాల మీది అక్షరాలలో కొన్నింటినైనా గుర్తుపట్టడం ఇందుకు అవసరం.

సాయంవేళ అనేక పేటలలో వీధి లౌడ్‌స్పీకర్ల నుంచి ఒక పిల్లల పాట బాణీ వినిపిస్తుంది. ఆట చాలించి ఇళ్ళకు చేరమని పిల్లలకు గుర్తుచేయడం దాని ప్రయోజనాలలో ఒకటి. విపత్తువేళ హెచ్చరికలు వినిపించవలసిన ఆ యంత్రాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం మరొకటి. జపాన్ భూకంపాల దేశం. నీరు, మందులు, టార్చిలైటు సర్దిన సంచి ఇంట్లో సిద్ధంగా ఉండాలి. దగ్గరలోని ఏ బడి ఆశ్రయస్థలమో తెలిసి ఉండాలి. ఆపద వేళ దూరాన ఉన్న బంధువుల కంటే గోడ అవతలి పొరుగువారే ముందు అందివస్తారు.

ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగివచ్చే ప్రయాణాన్ని జపాన్ భాషలో ‘హిగాయెరి’ అంటారు. సెలవునాడు ఇలాంటి ప్రయాణాలు ప్రవాసి కుటుంబానికి ఊరట కలిగిస్తాయి. టోక్యో నుంచి రైలులో సుమారు గంట ప్రయాణించి కామకురా చేరవచ్చు. అక్కడి కోతొకు-ఇన్ ఆలయంలో 13వ శతాబ్దపు కంచు బుద్ధవిగ్రహం ఆరుబయట కూర్చుని ఉంటుంది. దాని ఎత్తు 11 మీటర్లకు పైమాటే. ఒకప్పుడు పైన మందిరం ఉండేది. గాలివానలకు, సముద్రపు పోటుకు అది కూలిపోయిందని చెబుతారు. విగ్రహం మాత్రం నిలిచింది.

భారతీయులు తప్పక చూడవలసిన మరొక ఊరు యొకొహామా. 1859లో విదేశీ వర్తకానికి తెరచిన ఈ రేవు పట్టు ఎగుమతికి పేరుపొందింది. భారతీయ వర్తకులూ అక్కడ స్థిరపడ్డారు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహాభూకంపంలో టోక్యో, యొకొహామా ప్రాంతాలలో లక్షమందికి పైగా మరణించారు. మృతులలో భారతీయులూ ఉన్నారు. బతికి బయటపడిన భారతీయులను యొకొహామా పౌరులు ఆదుకొన్నారు. కూలిన కట్టడాల శిథిలాలతో తీరాన్ని పూడ్చి, ఆ నేలపై నిర్మించిన యమషితా ఉద్యానవనం 1930లో ప్రారంభమైంది. ఆనాటి సహాయానికి కృతజ్ఞతగా, మృతుల స్మారకంగా, అక్కడి భారతీయులు 1939లో ఆ వనంలో గుమ్మటంతో కూడిన జలమందిరాన్ని కట్టించారు. అది నేటికీ ఉంది. ఎండాకాలంలో చలివేంద్రం పెట్టడం పుణ్యకార్యంగా భావించే తెలుగువారికి, కృతజ్ఞతను నీటి రూపంలో చెల్లించిన ఆ వర్తకుల భావం సులభంగా అర్థమవుతుంది.

ఆ వర్తకులూ ఒకనాడు ఆ ఊరికి కొత్తవారే. ఆపదలో అందుకొన్న సాయాన్ని మరువక, ఊరివారందరికీ ఉపయోగపడే కట్టడాన్ని ఇచ్చారు. నేడు ఏ దేశానికి వెళ్ళే యువకులకైనా అది ఆదర్శం. కొత్త ఇంట్లో దిగిన మొదటి వారంలోనే పక్కింటివారి పేరు తెలుసుకోవాలి. వీధి నియమాలు అడిగి తెలుసుకోవాలి. ఆశ్రయస్థలానికి ఒకసారి నడిచి వెళ్ళి రావాలి. ఊళ్ళు చూడడానికి తరువాత ఎన్నో సెలవులుంటాయి.

ప్రశ్నలు

1. చెత్తకు సంబంధించిన నియమాల వల్ల ప్రవాసి ఏమి గ్రహిస్తాడు?
2. తెలుగు, జపాన్ భాషల మధ్యగల పోలికలను తెలపండి.
3. యమషితా ఉద్యానవనంలోని జలమందిరం వెనుక గల చరిత్రను వివరించండి.
4. మీ వీధిలోకి పరభాషా కుటుంబం కొత్తగా వస్తే మీరు వారికి ఏయే విషయాలు తెలియజేస్తారు?