విద్యావిధాన అధ్యయనం: పలు శాస్త్రాల సమన్వయం

విద్యను గురించి పై చదువు చదవడమంటే బి.ఇడి., ఎం.ఇడి. పట్టాలు పొందడమేననే అభిప్రాయం మన విద్యార్థులలో బలంగా ఉన్నది. పాఠం ఎట్లా చెప్పాలో నేర్పేది ఉపాధ్యాయశిక్షణ. అది గౌరవప్రదమైన వృత్తివిద్య. దానిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని ఏ ఊరిలో బడి పెట్టాలి, ఏ భాషలో చదువు చెప్పాలి, దాని ఖర్చు ఎవరు భరించాలి, ఎవరి పిల్లలు బడికి రాలేకపోతున్నారు, వచ్చినవారు ఏమి నేర్చుకొంటున్నారు అనే ప్రశ్నలు వేరు. వీటికి సమాధానం వెదకే చదువే విద్యావిధాన అధ్యయనం. ఈ చదువుకు ఒక్క శాస్త్రం చాలదు. పట్టభద్రులు కాబోతున్న మన విద్యార్థులకు దీనిని పరిచయం చేయడం, ఉర్దూ తెలుగు భాషలు రెండింటికీ నిలయమైన మన కళాశాలకు దీనితో గల సంబంధాన్ని తెలపడం ఈ వ్యాసం లక్ష్యం.

విధానాలను రూపొందించినవారు

మన దేశంలో విద్యావిధానాలకు మార్గం చూపిన సంఘాల అధ్యక్షులెవరో ఒకసారి గమనింతము. 1948–49 విశ్వవిద్యాలయ విద్యాసంఘానికి అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్; ఆయన తత్త్వవేత్త. 1952–53 మాధ్యమిక విద్యాసంఘానికి అధ్యక్షులు ఎ. లక్ష్మణస్వామి మొదలియార్, ఆయన వైద్యులు. 1964–66 విద్యాసంఘానికి అధ్యక్షులు డి.ఎస్. కొఠారి, ఆయన భౌతికశాస్త్రవేత్త. 2020 జాతీయ విద్యావిధానానికి ముసాయిదా తయారుచేసిన సంఘానికి అధ్యక్షులు కె. కస్తూరిరంగన్, ఆయన అంతరిక్ష శాస్త్రవేత్త.

వీరికంటె ముందే 1937లో వార్ధా విద్యాసమావేశం నియమించిన ప్రాథమిక విద్యాసంఘానికి డాక్టర్ జాకిర్ హుసేన్ అధ్యక్షత వహించారు. 1897లో హైదరాబాదులో జన్మించిన ఆయన బెర్లిన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందినది అర్థశాస్త్రంలో. చేతిపనిని కేంద్రంగా చేసుకొని మాతృభాషలో చదువు చెప్పవలెనన్న ఆ సంఘం సిఫారసులో అర్థశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, భాషాభిమానం మూడూ కలిసి ఉన్నవి. ఆయన పేరుతోనే ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విద్యా అధ్యయన కేంద్రమొకటి నడుస్తున్నది. అక్కడ విద్యను ఆర్థిక, సామాజిక, చారిత్రక, మనస్తత్వ దృష్టులతో పరిశోధిస్తారు.

విద్య ఏ ఒక్క శాస్త్రానికో చెందిన సొత్తు కాదని ఈ పేర్లు చెప్పకనే చెబుతున్నవి. అయితే పలువురు పండితులను ఒక సంఘంలో కూర్చుండబెట్టడం వేరు. ఒక విద్యార్థి తన మనస్సులోనే పలు శాస్త్రాల చూపులను అలవరచుకొనడం వేరు. రెండవదే మనకు కావలసినది. దీనిని మనందరికీ అనుభవమైన ఒక ప్రశ్నతో పరిశీలింతము. అది బోధనభాష.

చరిత్ర చెప్పేది

ఇంటర్మీడియేట్ వరకు ఉర్దూలోనో తెలుగులోనో చదివి, డిగ్రీ తరగతిలో ఇంగ్లీషు పాఠం ముందు మౌనంగా కూర్చున్న విద్యార్థిని మనమెరుగుదుము. అతనికి తెలివి లేదని కొందరంటారు. భాష లేదని కొందరంటారు. చరిత్ర విద్యార్థి ఈ మౌనానికి మూలం వెదకుతాడు.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను ఉన్నతవిద్యకు మాధ్యమంగా స్వీకరించింది. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా మాత్రమే ఉండేది. దానికి ముందే, 1917లో, గ్రంథాల అనువాదానికై దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి నిర్వాహకులు. ఆధునిక శాస్త్రాలను భారతీయ భాషలో బోధించడం అసాధ్యమనే మాటను ఆ సంస్థ తన పనితోనే ఖండించింది. కాని ఇదే చరిత్రకు మరొక ముఖం కలదు. నాటి సంస్థాన జనాభాలో దాదాపు సగం మందికి మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు మరెందరో. కొందరికి స్వభాషలో తెరుచుకొన్న తలుపు వారికి మరొక పరభాషగానే నిలిచింది. 1948 తరువాత ఉస్మానియాలో ఇంగ్లీషు ఉర్దూ స్థానాన్ని ఆక్రమించింది. తెలుగులో ఉన్నతవిద్యకు గ్రంథాలు సిద్ధం చేయడానికి 1968లో తెలుగు అకాడమీ వెలసింది.

బోధనభాషను నిర్ణయించినప్పుడల్లా లాభపడినవారూ ఉన్నారు, నష్టపోయినవారూ ఉన్నారు. ఈ లెక్క రెండువైపులా వేయడం చరిత్ర నేర్పే పాఠం.

న్యాయశాస్త్రం చెప్పేది

రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కునిచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు రాష్ట్రాలు తగిన వసతులు కల్పింపవలెనని 1956లో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. 1976 నాటి 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం బోధన సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషలో ఉండవలెనన్నది. అయితే 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనం కర్ణాటకకు సంబంధించిన వ్యాజ్యంలో, ప్రాథమిక విద్యను మాతృభాషలోనే చెప్పితీరవలెనని ప్రభుత్వం నిర్బంధింపజాలదని తీర్పు చెప్పింది.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడులలో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెట్టే ఉత్తరువులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర హైకోర్టు వాటిని కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. మాతృభాషను నిర్బంధించడం కుదరదన్న తీర్పునూ, ఇంగ్లీషు ఉత్తరువులను కొట్టివేసిన తీర్పునూ పక్కపక్కన పెట్టి చదివితే, ఎన్నిక చేసుకొనే అధికారం ఎవరిదనే ప్రశ్నే అసలు ప్రశ్న అని బోధపడుతుంది.

అర్థశాస్త్రం, భాషాశాస్త్రం చెప్పేవి

తల్లిదండ్రులు ఇంగ్లీషు బడిని ఎందుకు కోరుతున్నారు? ఉద్యోగం కోసమని అర్థశాస్త్రం చెబుతుంది. చదువుపై పెట్టే ఖర్చు పెట్టుబడి వంటిదని టి.డబ్ల్యు. షుల్ట్జ్ 1960లో వాదించారు. ఆ దృష్టితో చూచినప్పుడు తల్లిదండ్రుల కోరిక అవివేకం కాదు. కాని పెట్టుబడికి ఫలితం దక్కుతున్నదా అని కొలవడం కూడ అర్థశాస్త్రం పనియే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుండి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అట్టి కొలతనొకదాన్ని చేపట్టారు. 180 గ్రామాలలో లాటరీ ద్వారా కొందరు పిల్లలకు ప్రైవేటు బడిలో చేరేందుకు రుసుము సహాయం అందింది. నాలుగేండ్ల తరువాత పరీక్షింపగా తెలుగులో, గణితంలో ఆ పిల్లలకూ లాటరీలో పేరు రానివారికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ గణితానికీ తక్కువ సమయం కేటాయించి, తక్కిన పాఠ్యాంశాలకు ఎక్కువ ఇచ్చినవి. ఒక్కొక్క బిడ్డపై వాటి ఖర్చు ప్రభుత్వబడి ఖర్చులో మూడవ వంతుకన్నా తక్కువ. 2015లో ప్రకటితమైన ఈ ఫలితాలను ప్రైవేటు బడి పక్షం వహించేవారూ ఉదహరింపవచ్చు, ప్రభుత్వబడి పక్షం వహించేవారూ ఉదహరింపవచ్చు. సంఖ్య తనంతట తాను తీర్పు చెప్పదు. అర్థం చెప్పేవాడు కావలెను.

ఆ అర్థానికి భాషాశాస్త్రం తోడ్పడుతుంది. వీధిలో మాట్లాడే భాషాపాటవం వేరు, పాఠ్యగ్రంథాన్ని గ్రహించే భాషాపాటవం వేరు అని కెనడా విద్వాంసులు జిమ్ కమ్మిన్స్ 1979లో వివరించారు. మొదటి భాషలో చక్కగా చదవనేర్చిన బిడ్డ ఆ నేర్పును రెండవ భాషకు కొనిపోగలడని కూడ ఆయన ప్రతిపాదన. కనుక ఇంగ్లీషులో నాలుగు మాటలు పలికిన బిడ్డను చూచి ఇంగ్లీషులో చరిత్ర, గణితం గ్రహించగలడని భ్రమపడరాదు. అట్లే మాతృభాషను గట్టిగా నేర్పడం ఇంగ్లీషుకు అడ్డు అనుకొనడమూ పొరపాటే.

సమాజశాస్త్రం, గణాంకశాస్త్రం చెప్పేవి

ముస్లిం తల్లిదండ్రులు తమ పిల్లలను మదరసాలకే పంపగోరుతారనే మాట చాలకాలంగా వినబడుతున్నది. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో లెక్కలు చూపింది: బడి ఈడు ముస్లిం పిల్లలలో మదరసాలకు వెళ్ళేవారు నూటికి నలుగురికి మించరు. మిగిలినవారి సమస్య మరొకటి: బడి అందుబాటులో లేకపోవడం, పేదరికం, మధ్యలో చదువు మానివేయడం. ఒక్క సంఖ్య ఏండ్లనాటి అపోహను తొలగించగలిగింది. ఆ సంఖ్య లేనంతకాలం విధానం అపోహ మీదనే నడిచే ప్రమాదముండినది.

కొఠారి సంఘానికి సభ్యకార్యదర్శిగా పనిచేసిన జె.పి. నాయక్ సమానత్వం, నాణ్యత, సంఖ్య అనే మూడింటిని ఒక త్రిభుజంగా భావించి 1975లో ఒక గ్రంథం వ్రాశారు. అందరికీ చదువు, మంచి చదువు, సమానమైన చదువు అనే మూడూ ఒకేసారి చేతికందడం కష్టమన్నదే ఆ భావన. పైన చెప్పిన శాస్త్రాలు ఒక్కొక్కటి ఈ త్రిభుజంలో ఒక్కొక్క భుజాన్నే స్పష్టంగా చూడగలవు. మూడింటినీ ఒక్కసారి చూడగోరేవాడు తన శాస్త్రపు గడప దాటవలసి ఉన్నది.

విద్యార్థులకు మార్గం

ఈ అధ్యయనంలో ప్రవేశించడానికి అందరికీ బి.ఇడి. అవసరం లేదు. ఎం.ఇడి.కి అది కావలెను గాని, ఎడ్యుకేషన్‌లో ఎం.ఏ.కు సాధారణంగా ఏ పట్టభద్రుడైనా అర్హుడే. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం దీనిని దూరవిద్యలో అందిస్తున్నది. బెంగుళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం నేరుగా బోధిస్తున్నది. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ 2006 నుండి విశ్వవిద్యాలయ హోదాతో పరిశోధనకు అవకాశం కల్పిస్తున్నది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలోనే విద్యాశాస్త్రం చదువవచ్చును. 2022 నిబంధనలతో ఎం.ఫిల్. నిలిచిపోయినందున, పరిశోధన చేయగోరేవారు ఎం.ఏ. నాడే తమ అంశాన్ని ఆలోచించుకొనడం మేలు.

బి.ఏ.లో చరిత్రగాని అర్థశాస్త్రంగాని చదివినవారు దానిని విడిచిపెట్టవద్దని మా సలహా. ఒక శాస్త్రంలో గట్టిగా నిలబడి, దాని పక్కనున్న రెండింటి పరిభాషను నేర్చుకొనవలెను. అన్నింటినీ పైపైన తాకినవాడికి ఏదీ పట్టుబడదు. కామర్సు విద్యార్థికి పద్దు చదవడం తెలుసు. విద్యకై కేటాయించిన సొమ్ము ఏ పద్దు కింద ఎంత ఖర్చయినదో అతనికంటె బాగుగా ఎవరు చూడగలరు?

మన విద్యార్థులకు మరొక సంపద కలదు. హైదరాబాదులోని తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో, పారశీకంలో ఉన్నవి. నాటి విద్యాచరిత్ర వ్రాయగోరి ఉర్దూ చదవలేనివారెందరో ఉండగా, మన తరగతిగదిలో ఉర్దూ చదివే విద్యార్థి తెలుగు విద్యార్థి పక్కనే కూర్చున్నాడు. ఇరువురూ కలిసి పనిచేస్తే ఏ పెద్ద విశ్వవిద్యాలయానికీ తీసిపోని పరిశోధన ఇక్కడినుండే మొదలుకాగలదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి

గ్రంథాలయంలో ఒక బీరువాను విద్యాసంఘాల నివేదికలకు, జనాభా లెక్కలకు, ముఖ్యమైన తీర్పులకు కేటాయించవలెనని కోరుతున్నాము. అన్ని శాఖల విద్యార్థులతో ఒక అధ్యయనమండలిని ఏర్పరచి, మన కళాశాలకు వచ్చే పిల్లలు ఏ బడులనుండి, ఏ మాధ్యమంనుండి వస్తున్నారో, ఎవరు ఏ సంవత్సరంలో ఎందుకు చదువు మానుతున్నారో ఏటేటా లెక్క తీయించవలెను. ఆ లెక్క ఉర్దూలోనూ తెలుగులోనూ ఇదే సంచికలో అచ్చుకావలెను.

ఉర్దూ తరగతి ఉండవలెనా, తెలుగు తరగతి ఎత్తివేయవలెనా అనే నిర్ణయాలు మన పక్షాన ఎవరూ లేనిచోట జరిగిపోతే, తరువాత ఆవేదన చెంది ప్రయోజనం లేదు. ఆవేదనతోపాటు ఆధారం చేతబట్టుకొని ఆ గదిలోనికి వెళ్ళగలిగినవారు మన విద్యార్థులలోనుండి రావలెను. తొలి తరగతి బెంచీపై మౌనంగా కూర్చున్న ఆ విద్యార్థి తన మౌనానికి కారణాలు తానే వెదకి లోకానికి చెప్పిన నాడు ఈ చదువు సార్థకమవుతుంది.